రానివారిని రానివ్వరాదు

అంకులపాడు ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు మొదటి డోసు టీకా వేసిన రోజు ఊళ్లో పెళ్లి జరిగినంత హడావిడి జరిగింది. గేటుకు బెలూన్లు కట్టారు. మైకు తెప్పించారు. జిల్లా కేంద్రం నుంచి వచ్చిన పెద్దలు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ గురించి గంటసేపు మాట్లాడారు; గంటసేపూ ఆ పేరు మాత్రం ఎవరూ ఎత్తలేదు. "మహిళామణులకు సంబంధించిన ఒకానొక రుగ్మత" అన్నారొకరు. "ఆ ప్రాంతపు వ్యాధి" అన్నారింకొకరు, చేత్తో ఏ ప్రాంతమూ చూపించకుండా జాగ్రత్తపడుతూ. ఆ తర్వాత పిల్లలు వరసకట్టి జబ్బలు చాపారు, ఫొటోలు దిగారు, తలా ఒక అరటిపండూ బిస్కెట్ ప్యాకెట్టూ పుచ్చుకున్నారు. ఆరు నెలల తర్వాత రెండో డోసు కూడా వేయించుకుంటేనే ఈ టీకా పూర్తయినట్టని చెప్పింది మాత్రం నర్సు సువార్తమ్మ ఒక్కతే. ఆమె చేతికి మైకు ఎవరూ ఇవ్వలేదు.

అయినా ఆ మాట సత్యవేణి చెవిన పడింది. సత్యవేణికి బస్టాండు పక్కన జాకెట్లు కుట్టే కొట్టు ఉంది. ఆ పెద్దలు పేరెత్తడానికి మొహమాటపడ్డ జబ్బు ఆవిడకు బాగా తెలుసు. సొంత అక్క అనసూయ దాంతోనే పోయింది. నలభై నిండకుండా, ఇద్దరు పిల్లల్ని వదిలేసి, ఆఖరి రోజుల్లో మంచినీళ్లు కూడా మింగుడు పడక పోయింది. అప్పుడు ఆసుపత్రి వరండాలో కూర్చుని సత్యవేణి ఒకటే అనుకుంది, ఇది మళ్లీ మా ఇంటి గడప తొక్కకూడదని. అందుకే టీకా కబురు రాగానే అందరికంటే ముందు కూతురు యామిని పేరు ఇచ్చేసింది.

యామినికి సూదంటే హడల్. కుట్టుపని చేసే ఇంట్లో పుట్టి, సూదుల మధ్యే పాకి, సూదుల మధ్యే నడక నేర్చిన పిల్ల, డాక్టరు సూది కనపడితే తల్లి కొంగు చాటుకు దూరేది. మొదటి డోసునాడు కళ్లు తిరిగి పడిపోతే, దిగిన ఫొటోలో ఆ పిల్ల చెప్పులు మాత్రమే పడ్డాయి. అయినా కూతుర్ని కూర్చోబెట్టుకుని సత్యవేణి పెద్దమ్మ సంగతంతా చెప్పింది. దాచకుండా, పేరుతో సహా చెప్పింది. అంతా విన్నాక పిల్ల "వేయించుకుంటానులే అమ్మా. కానీ నువ్వు నా చెయ్యి పట్టుకోవాలి" అంది.

రెండో డోసు బడిలో కాకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వేయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. బాలికల్లో స్వయంప్రేరణ పెంపొందించుట దాని ఉద్దేశమట. బుధవారం పొద్దున పది నుంచి ఒంటిగంట వరకు వేయాలని ఆరోగ్య శాఖ నిర్ణయించింది. అదే బుధవారం, అదే పది నుంచి ఒంటిగంట వరకు తొమ్మిదో తరగతికి లెక్కల పరీక్ష పెట్టాలని విద్యాశాఖ నిర్ణయించింది. రెండు శాఖలూ జిల్లా కేంద్రంలో ఒకే భవనంలో ఉన్నాయి. కాకపోతే మెట్లు వేరు.

ఆ రోజు సువార్తమ్మ ఐసు డబ్బా ముందు పెట్టుకుని కూర్చుంటే ఈగ తప్ప ఎవరూ రాలేదు. ఒంటిగంట దాటగానే ఉత్తర్వు ప్రకారం డబ్బా మూసి మందు వెనక్కి పంపేసింది. పరీక్ష రాసిన చేతికి సిరా మరకలతో యామినీ, దాన్ని లాక్కుంటూ సత్యవేణీ రొప్పుతూ గేటు దగ్గరికి వచ్చేసరికి మందు తీసుకెళ్లిన ఆటో దుమ్ము మాత్రమే మిగిలింది.

"వచ్చే బుధవారం రండమ్మా, వేసేస్తాను" అంది సువార్తమ్మ.

ఆ వారం రోజుల్లో అంకులపాడులో ఏమీ జరగలేదు. జరిగిందంతా జిల్లా కేంద్రంలో జరిగింది.

అప్పట్లో ప్రభుత్వ కార్యాలయాలన్నింటికీ అధ్యయనాల మోజు పట్టుకుంది. కుళాయిలో నీళ్లు రాకపోతే కుళాయి బాగుచెయ్యకుండా, నీళ్లు రాకపోవడం మీద ప్రజల దృక్పథం ఏమిటో తెలుసుకునేవారు. ఆ ఊపులోనే 'కౌమార టీకా సంపూర్ణతా కారకాల అధ్యయన కేంద్రం' అనే కొత్త కార్యాలయం వెలిసింది. దానికి డాక్టర్ వాచస్పతిగారు సంచాలకులు. ఆయన మంచి చదువరి, నిజాయితీపరుడు, లంచం మొహం చూసి ఎరగడు. చాలా ఏళ్లుగా ఆయన ఒక సమస్య కోసం ఎదురుచూస్తున్నాడు. మొదటి డోసుకు తరగతి ఆడపిల్లలంతా వచ్చి, రెండో డోసుకు ఒక్క పిల్లయినా రాని ఊరు ఒకటుందని తెలిసినప్పుడు ఆయన కళ్లు చెమర్చాయని ఆఫీసులో చెప్పుకున్నారు. అంత శుభ్రమైన సమస్య ఆయనకు మునుపెన్నడూ దొరకలేదు.

మర్నాటికల్లా ఉత్తర్వు తయారైంది. "రెండవ డోసుకు హాజరు కాని బాలికల గైర్హాజరునకు గల కారకములు శాస్త్రీయముగా నిర్ధారణ అగునంత వరకు, సదరు బాలికలకు రెండవ డోసు ఇచ్చినచో వారు హాజరు కాని బాలికలు కాకుండా పోవుదురు గనుకనూ, తద్వారా అధ్యయన నమూనా చెడిపోవు ప్రమాదము కలదు గనుకనూ, సదరు బాలికలకు రెండవ డోసు ఇవ్వరాదని ఇందుమూలముగా ఆదేశించడమైనది."

బుధవారం పొద్దున్నే సత్యవేణి కూతుర్ని తీసుకుని ఆరోగ్య కేంద్రానికి వెళ్లింది. యామిని రాత్రి అన్నం తినలేదు, పొద్దున టిఫినూ తినలేదు. దారిపొడవునా పెదాలు కదుపుతూ ఏదో లెక్కపెట్టుకుంటూనే ఉంది. గుమ్మంలోకి రాగానే కళ్లు గట్టిగా మూసుకుని చెయ్యి చాపేసింది.

"చెయ్యి దించమ్మా" అంది సువార్తమ్మ నీరసంగా. "వెయ్యకూడదంట."

"అదేంటండీ నర్సమ్మగారూ! మీరే కదా ఈ బుధవారం రమ్మన్నారు" అంది సత్యవేణి.

"నేనన్నానమ్మా. ఆయన కాదంటున్నారు." సువార్తమ్మ గడ్డంతో లోపలి గది వైపు చూపించింది. అక్కడ మెడికల్ ఆఫీసరు కుర్చీలో మెడికల్ ఆఫీసరు కాకుండా తెల్లటి ఖద్దరు చొక్కా వేసుకున్న పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. ఆయనే వాచస్పతిగారు. క్షేత్రస్థాయి పరిశీలనకు స్వయంగా విచ్చేశారు.

సత్యవేణి నమస్కారం పెట్టి విషయం చెప్పింది. ఆయన శ్రద్ధగా విని, యామినిని చూసి ఆప్యాయంగా నవ్వాడు.

"చూడమ్మా, మీ అమ్మాయి రెండో డోసుకు రాని బాలిక."

"వచ్చిందండి. ఇదిగో, ఎదురుగానే ఉంది కదండీ."

"భౌతికంగా వచ్చింది. కాదనను. కానీ గణాంకపరంగా రాలేదు."

"మరి గణాంకపరంగా రావాలంటే ఏ దారిన రావాలండీ?"

వాచస్పతిగారు కోప్పడలేదు. అజ్ఞానం కూడా ఒక కారకమే కాబట్టి ఆయనకు దాని మీద గౌరవం ఉంది. "అమ్మా, ఈ బాలికలు ఎందుకు రావడం లేదో తెలుసుకోవడం జాతికి చాలా అవసరం. ఆ తెలుసుకునే లోపల వీళ్లు వచ్చేస్తే, ఇక తెలుసుకోవడానికి ఎవరు మిగులుతారు? నువ్వే ఆలోచించు."

సత్యవేణి ఆలోచించింది. ఎటునుంచి ఆలోచించినా మాట చక్కగా అతుకుతోంది, పిల్లకు మాత్రం సూది పడటం లేదు. ఆవిడ పనిలో అలాంటి జాకెట్లు అప్పుడప్పుడూ తయారవుతాయి. కొలతలన్నీ సరిగ్గా ఉంటాయి, చెయ్యి మాత్రం దూరదు.

తిరిగి వస్తుంటే యామిని "పోనీ తప్పిందిలే" అనలేదు. దారి మధ్యలో ఆగి ఏడ్చేసింది. "నేను రెడీ అయిపోయాకే ఎందుకిలా చేస్తారమ్మా? మళ్లీ వచ్చేవారం దాకా భయపడాలా నేను?"

ఆ వారంలోనే అధ్యయనం ఇళ్లకు వచ్చింది. మధుమూర్తి అనే పరిశోధకుడు మెడలో గుర్తింపు కార్డుతో, చంకలో ట్యాబుతో కొట్టు ముందు దిగాడు. మనిషి మర్యాదస్తుడు. చెప్పులు బయటే విప్పాడు.

"నమస్కారమండీ. కారకాల కోసం వచ్చానండి."

లోపల కూర్చుని బొత్తాలు ఏరుతున్న సత్యవేణి అత్తగారు తలెత్తింది. ఆవిడకు కాస్త చెవుడు. "కాకరకాయలా? మా పెరట్లో ఈ ఏడు కాయలేదు నాయనా. అవతల వీధిలో అడుగు."

"కాకరకాయలు కాదండీ మామ్మగారూ. కారకాలు."

"అవే. చేదని పిల్లలు తినరు కూడాను."

ఆ రోజు నుంచి అంకులపాడులో ఆ కార్యాలయానికి కాకరకాయల ఆఫీసని పేరు స్థిరపడిపోయింది.

మధుమూర్తి యామినిని కుర్చీలో కూర్చోబెట్టి, రెండో డోసుకు ఎందుకు రాలేదని అడిగాడు.

"లెక్కల పరీక్షండి" అంది యామిని.

మధుమూర్తి ట్యాబులో పైకీ కిందకీ వెతికాడు. "అది లేదమ్మా. భయం ఉంది, మూఢనమ్మకం ఉంది, దూరాభారం ఉంది, ఫోన్లలో వచ్చే పుకార్లున్నాయి, తల్లిదండ్రుల నిర్లక్ష్యం ఉంది. వీటిలో ఏదైనా చెప్పు."

"ఏ ఒక్కటీ కాదండీ! పరీక్షకెళ్లింది, అయిపోగానే పరుగెత్తుకొచ్చాం" అంది సత్యవేణి మిషను ఆపేసి.

"నాకు తెలుసండి. మా అన్నయ్యగారి పిల్లా ఆ పరీక్షే రాసింది. కానీ జాబితాలో లేని కారకాన్ని ఒప్పుకోవాలంటే రాజధాని నుంచి నిపుణుల సంఘం రావాలండి. పోనీ, ఆ గుమ్మానికి కట్టిన నిమ్మకాయ, మిరపకాయలు ఎవరివండీ?"

"కొట్టుకి దిష్టి తగలకుండా కట్టానండి."

మధుమూర్తి మొహం తేటపడింది. మూఢనమ్మకం నొక్కి, మంచినీళ్లు తాగి, దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

సత్యవేణి పట్టు వదల్లేదు. బుధవారం వచ్చిందంటే కొట్టు మూసి కూతుర్ని తీసుకుని ఆరోగ్య కేంద్రానికి బయల్దేరేది. ఆవిణ్ణి చూసి మిగతా తల్లులూ బయల్దేరారు. చివరికి ప్రతి బుధవారం తొమ్మిదో తరగతి ఆడపిల్లలంతా తల్లులతో గేటు ముందు బారులు తీరడం మొదలైంది. దీంతో కేంద్రానికి పెద్ద చిక్కొచ్చి పడింది. రాని బాలికలు ఇంతమంది ఇంత క్రమం తప్పకుండా రావడం అధ్యయనానికి మంచిది కాదు. వెంటనే గేటుకు ఇద్దరు గార్డుల్ని పెట్టి, ఒక బోర్డు తగిలించారు. "రెండవ డోసుకు రానివారిని లోనికి రానివ్వరాదు."

"చదివావా? రానివాళ్లని రానివ్వరంట!" అంది పక్కనున్న ఒక తల్లి.

"మరి వచ్చినవాళ్లని రానిస్తారాండీ?" అని గార్డును అడిగింది సత్యవేణి.

"వచ్చినవాళ్లకి అయిపోయింది కదమ్మా, వాళ్లకి లోపల పనేముంది?" అన్నాడు గార్డు. అతనికి ఆ బోర్డు పూర్తిగా అర్థమైంది. ఉద్యోగం అందుకే వచ్చి ఉంటుంది.

ఇంతలో అధ్యయనం ఒక్క విడతతో ముగిసేది కాదని తేలింది. బాలికల అభిప్రాయాలు కాలక్రమంలో ఎలా మారుతాయో చూడాలి గనుక విడతల వారీగా ముఖాముఖిలు జరపాలని నిర్ణయించారు. నిధులు దండిగా ఉన్నాయి. ముఖాముఖి ఉన్న రోజుకు ముందురోజు ప్రతి తల్లికీ ఫోను వచ్చేది. పొద్దున్నే తల్లి పేరూ పిల్ల పేరూ కలిపి సందేశం వచ్చేది. ఏసీ బస్సు ఇంటి ముందే ఆగేది. పరీక్షలతో, పండగలతో, ఊళ్లో పెళ్లిళ్లతో పడకుండా హెడ్మాస్టరుగారిని అడిగి మరీ రోజు ఖాయం చేసేవారు. ఏ పిల్లకైనా జ్వరమొస్తే మధుమూర్తి బత్తాయిలు పట్టుకుని ఇంటికొచ్చి, తగ్గాక విడిగా కూర్చుని ప్రశ్నలడిగేవాడు. అయిపోగానే చికెన్ బిర్యానీ, తినని వాళ్లకు పనీరు బిర్యానీ. ఇలా విడత మీద విడత గడిచింది. ఒక్క పిల్ల కూడా, ఒక్క విడత కూడా తప్పలేదు.

వాచస్పతిగారు ఆనందం పట్టలేకపోయారు. జిల్లా సమీక్షా సమావేశంలో లేచి, "ఒకే ఒక్క డోసుతో ఆగిపోయే ఈ కౌమార బాలికలను అన్ని విడతల ముఖాముఖిలకూ నూటికి నూరుశాతం రప్పించగలిగాం. ఇది దేశంలోనే అరుదైన ఘనత" అని ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ బస్సులోనే సువార్తమ్మను కూడా ఎక్కిస్తే సరిపోతుంది కదా అన్న ఊహ ఆ గదిలో ఎవరికీ రాలేదు. వచ్చినా అది అజెండాలో లేదు.

ఈ కబురు పక్క ఊరు వెల్లగుంటకు పాకింది. అక్కడి పిల్లలు రెండు డోసులూ ఎప్పుడో వేయించేసుకుని బుద్ధిగా కూర్చున్నారు. వాళ్లకు బస్సూ లేదు, బిర్యానీ లేదు. ఆ బడి హెడ్మాస్టరు సంచాలకులవారికి అర్జీ పెట్టుకున్నాడు. తమ పాఠశాల బాలికలు తెలియక రెండో డోసుకు వచ్చేశారనీ, ఈ పొరపాటును పెద్దమనసుతో మన్నించి వచ్చే ఏడాది తమ బాలికలను కూడా రానివారిగా గుర్తించాలనీ వేడుకున్నాడు. అర్జీ సానుభూతితో పరిశీలనలో ఉందని జవాబు వచ్చింది.

యామిని మాత్రం చిక్కిపోయింది. బిర్యానీ తింటున్నా చిక్కిపోయింది. మంగళవారం వచ్చిందంటే అన్నం వదిలేయడం, బుధవారం గేటు దాకా వెళ్లి రావడం, గురువారం నుంచి మళ్లీ ఎదురుచూడటం. ఒకరోజు సత్యవేణితో "అమ్మా, నాకు భయం వేసీ వేసీ విసుగొచ్చేస్తోంది" అంది. సత్యవేణి నవ్వాలో ఏడవాలో తెలియక పిల్ల జడ విప్పి మళ్లీ అల్లింది.

ఆ సాయంత్రమే సువార్తమ్మ జాకెట్టు ముక్కతో కొట్టుకు వచ్చింది. కొలతలు ఇచ్చాక కూడా కదలకుండా కూర్చుంది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "సత్యవేణమ్మా, మన పిల్లల కోసం దాచిన మందుకి ఈ నెలాఖరుతో గడువైపోద్ది. తర్వాత పారబొయ్యడమే. కొత్త సరుకెప్పుడొస్తదో ఎవరికీ తెలీదు. అడిగితే, ఎవరూ రాని ఊరికి మందెందుకంటున్నారు."

సత్యవేణి చేతిలో కత్తెర ఆగిపోయింది. అక్క మొహం కళ్లముందు కదిలింది. ఇన్నాళ్లూ ఆవిడ ఇది వాయిదా పడుతోందనే అనుకుంది. పోతుందని అనుకోలేదు.

"నెలాఖరు లోపు ఆ కాకరకాయలాయన మళ్లీ వస్తాడాండీ?" అని అడిగింది.

"శనివారం వస్తాడు. ఆఖరి విడతంట. రాజధాని నుంచి పెద్ద నిపుణురాలు కూడా వస్తందంట, చూట్టానికి."

"మీరు శనివారం ఐసు డబ్బాతో బడి వెనకాల ఆటోలో ఉండగలరా?"

సువార్తమ్మ ఆవిడ మొహంలోకి చూసింది. "ఏం చేద్దామని?"

"ఏమోనండి. నాకింకా తెలీదు. ఆ పెద్దాయన భాషలోనే అడిగితే కాదనలేడేమోనని."

శనివారం బడి హాల్లో సభ తీరింది. వేదిక మీద వాచస్పతిగారు, పక్కన రాజధాని నిపుణురాలు, తెరమీద రంగురంగుల బొమ్మలు. ముందు వరసల్లో పిల్లలు, వెనక తల్లులు. ఇన్ని విడతల సారాంశాన్ని వాచస్పతిగారు ఆ రోజు ప్రకటించారు. అంకులపాడు బాలికలు రెండో డోసుకు రాకపోవడానికి ప్రధాన కారకం సూదిభయం. దాన్ని కొలవడానికి 'సూదిభయ సూచిక' అని ఒకటి ఆయనే తయారుచేశారు. అందులో అందరికంటే ఎక్కువ మార్కులు యామినివి. ఆ పిల్లను లేచి నిలబడమన్నారు. సూదంటే భయం వేయడం నిజమేనని, భయమా అని అడిగిన ప్రతి విడతలోనూ తను అదే చెప్పానని యామిని ఒప్పుకుంది. ఇన్నాళ్లలో మొదటిసారి ఆ పిల్లకు ఏదో ఒకదాంట్లో ఫస్టు వచ్చింది.

వెనక వరసలో సత్యవేణి లేచి నిలబడింది.

"అయ్యగారూ, చిన్న సందేహమండి. మా పిల్ల భయపడటం మీరు కళ్లారా చూశారాండీ?"

"చూడనక్కర్లేదమ్మా. ఆమే స్వయంగా చెప్పింది."

"చెప్పిందండి. కానీ అది చెప్పేదాంట్లో సగం నమ్మడానికి లేదండి. మొన్నటికి మొన్న కడుపునొప్పని బడి మానేసి, మధ్యాహ్నం గోలీసోడా తాగింది. అలాంటిదాని మాట పట్టుకుని మీరింత పెద్ద పుస్తకం రాసేస్తే, రేపు కాదని తేలితే మీకు మాట రాదాండీ?"

నిపుణురాలు కళ్లజోడు సవరించుకుంది. "వాచస్పతిగారూ, ప్రత్యక్ష పరిశీలన జరగలేదా?"

వాచస్పతిగారి నుదుట చెమట పట్టింది. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆయన్ను అవినీతిపరుడని ఎవరూ అనలేదు. కానీ పరిశీలన జరగలేదనడం అంతకంటే పెద్దమాట. "జరిపిస్తామండీ, ఇప్పుడే జరిపిస్తాం. ఎవరైనా ఒక ఖాళీ సిరంజి తీసుకురండి."

"ఖాళీదైతే పిల్లలు కనిపెట్టేస్తారండి. ఈ కాలం పిల్లలండీ బాబూ. నిజం మందుంటేనే నిజం భయం పుడుద్ది" అంది సత్యవేణి.

"ప్రామాణికత దృష్ట్యా ఆ తల్లి చెప్పింది సమంజసంగానే ఉంది" అంది నిపుణురాలు.

"కానీ వీరికి రెండో డోసు ఇవ్వరాదని నా ఉత్తర్వే ఉంది కదండీ" అన్నారు వాచస్పతిగారు దీనంగా.

"రెండో డోసని ఎవరన్నారండీ?" సత్యవేణి చేతులు జోడించింది. "మీరేదంటే అదే."

వాచస్పతిగారు కళ్లు మూసుకుని ఆలోచించారు. తెరిచేసరికి ఆ కళ్లలో వెలుగు ఉంది. "దీనిని డోసుగా పరిగణించరాదు. ఇది పరిశీలనోపకరణము. టీకా రికార్డులో నమోదు చేయరాదు. నమూనాకు ఎట్టి భంగమూ వాటిల్లదు." నిపుణురాలు తలూపింది. మధుమూర్తి బయటికి పరుగెత్తబోయేసరికి సువార్తమ్మ ఐసు డబ్బాతో అప్పటికే గుమ్మంలో ఉంది. ఇంత త్వరగా ఎలా వచ్చావని ఎవరూ అడగలేదు. ప్రభుత్వ పనిలో త్వరగా జరిగినదాన్ని అనుమానించే అలవాటు అక్కడ ఎవరికీ లేదు, ఎందుకంటే అలాంటిది వాళ్లెప్పుడూ చూడలేదు.

మొదట యామినినే కూర్చోబెట్టారు. చుట్టూ పరిశీలకులు కలాలు పట్టుకుని వంగారు. సత్యవేణి కూతురి చెయ్యి పట్టుకుని చెవిలో చెప్పింది. "గట్టిగా అరువే. లేకపోతే మిగతా పిల్లలకి వెయ్యరు."

యామిని సూదిని చూసింది. ఇన్ని బుధవారాలు కలలోకొచ్చి భయపెట్టిన సూది అంతే ఉంది, ఇంకా చిన్నగా కూడా ఉంది. సువార్తమ్మ దూదితో తుడిచి గుచ్చింది. పరిశీలకులు ఊపిరి బిగబట్టారు. యామిని నోరు తెరిచింది.

"అంతేనా?" అంది.

పక్కనే ఉన్న మధుమూర్తి కలం ఆగిపోయింది. వాచస్పతిగారు ముందుకు వంగారు. "అమ్మాయీ, భయం వెయ్యలేదా?"

"లేదండి. అయిపోయిందండి. మీ గేటు దగ్గరే అంతా వేసేసిందండి."

మొదటి పిల్ల భయపడకపోవడంతో అధ్యయనానికి మిగతా పిల్లల్ని పరీక్షించక తప్పింది కాదు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి కూర్చున్నారు. ఒకళ్లిద్దరు కెవ్వుమన్నారు, ఒకమ్మాయి నవ్వింది, ఒకమ్మాయి సెల్ఫీ దిగొచ్చా అని అడిగింది. వేసినవాళ్లను వేసినట్టే వరసగా బెంచీల మీద కూర్చోబెట్టారు. చివరి పిల్ల లేచేసరికి సువార్తమ్మ ఐసు డబ్బా ఖాళీ అయింది. సత్యవేణి గోడకు చేరగిలబడి కొంగుతో మొహం తుడుచుకుంది. కన్నీళ్లు తుడుచుకుంటోందని పక్కవాళ్లకు తెలియకుండా చాలాసేపు చెమట తుడుచుకుంది.

వేదిక మీద వాచస్పతిగారు ఒంటరివారైపోయి కూర్చున్నారు. ఇన్ని నెలల సూచిక కళ్లముందే కూలిపోయింది. ఆయన యామినిని దగ్గరకు పిలిచారు. ఆ గొంతులో సంచాలకుడు లేడు, నిజంగా తెలుసుకోవాలనుకునే ముసలాయన ఉన్నాడు.

"నిజం చెప్పు తల్లీ. ఆ రోజు మరి ఎందుకు రాలేదు?"

"లెక్కల పరీక్షండి."

వాచస్పతిగారు మధుమూర్తి వైపు చూశారు. మధుమూర్తి ఇబ్బందిగా కదిలాడు. "అది జాబితాలో లేదు సార్."

"లేదా?" పెద్దాయన నిట్టూర్చారు. "అయితే ఏం చేస్తాం."

ఆ సాయంత్రం తుది నివేదికకు రూపమిచ్చారు. పరిశీలనోపకరణము డోసు కాదు గనుక బాలికలందరూ ఇప్పటికీ రానివారే. సూదిభయం కారకం కాదు. మిగతావేవీ రుజువు కాలేదు. కాబట్టి ఈ ప్రాంతపు బాలికల్లో అంతుపట్టని మొండితనం ఏదో ఉందనీ, దానిపై మరింత లోతైన అధ్యయనం అవసరమనీ తేల్చారు. ఖాళీ సీసాల లెక్క ఏం రాయాలని సువార్తమ్మ అడిగితే, పరిశోధనలో వినియోగింపబడినవి అని వాచస్పతిగారే రాసి సంతకం పెట్టారు. వెళ్తూ వెళ్తూ సత్యవేణి దగ్గర ఆగి, "ఏమ్మా, మీ అమ్మాయిని రానిదానిగానే ఉంచేస్తున్నాం. నీకేమీ అభ్యంతరం లేదు కదా?" అని అడిగారు.

"అయ్యో, నాకెందుకండీ. మీకెలా బాగుంటే అలా రాసుకోండి" అంది సత్యవేణి.

కొన్నాళ్లకు పేపర్లో వార్త పడింది. కొట్టులో ఎవరూ లేని వేళ, యామిని స్టూలు మీద కూర్చుని, పరికిణీకి అంచు కుడుతున్న తల్లికి దాన్ని పైకి చదివి వినిపించింది. అంకులపాడులో ప్రభుత్వం ఎంత శ్రమించినా, ఎన్ని వసతులు కల్పించినా అక్కడి కౌమార బాలికల్లో ఒక్కరంటే ఒక్కరు కూడా రెండో డోసుకు ససేమిరా రావడం లేదట. ఆ బాలికల వైఖరి పట్ల నిపుణులు తీవ్ర ఆందోళన వ్యక్తం చేశారట.

యామిని పేపరు మడిచింది.

"ఎవరమ్మా ఆ మొండి పిల్లలు?"

సత్యవేణి దారం పంటితో తెంపింది.

"ఏమోనే. పాపం, వాళ్ల తల్లులెలా వేగుతున్నారో!"